నాలుగు మూలలా పసుపు

18 నవంబరు 1951. కొరియా.

సిరా గడ్డ కట్టింది. సీసా చంకలో పెట్టుకుని కరిగించి రాస్తున్నా.

దగ్గు మొదలై పదకొండు రోజులు. స్ట్రెచరు అవతలి కొస కుట్టన్ పట్టుకుంటాడు. పాలక్కాడు వాడు. నేను దగ్గితే స్ట్రెచరు ఊగుతుంది, మీద పడుకున్నవాడు మూలుగుతాడు, కుట్టన్ నన్ను తిడతాడు. మలయాళంలో తిడితే హాయి. ఒక్క ముక్క అర్థం కాదు.

22 నవంబరు

డబ్బా మాంసం. మళ్ళీ డబ్బా మాంసం.

కొర్రమీను పులుసు తిని ఏడాది దాటింది. మాణిక్యం పులుసులో చింతపండు ఎక్కువ వేస్తుంది. నేను వంక పెడతాను. "అయితే తినకు బావా" అని కంచం లాక్కుంటుంది... లాక్కోవే తల్లీ. ఎన్నిసార్లైనా లాక్కో. ఇంక వంక పెట్టను.

25 నవంబరు

గుడ్డ మీద ఎరుపు. శనగ గింజంత. మడిచి జేబులో పెట్టుకున్నా. ఎవరికీ చెప్పలేదు.

27 నవంబరు

మళ్ళీ.

29 నవంబరు

డ్రెస్సింగ్ టెంటులో డ్యూటీ. పుళ్ళు కడిగే పచ్చమందు సీసా చేతిలో ఒలికిపోయింది. మణికట్ల దాకా పచ్చన. సబ్బుతో రుద్దాను, పోదు. కుట్టన్ ఒకటే నవ్వు — వచ్చీరాని హిందీలో, పెళ్ళికొడుకువా, పసుపు రాశారా అని. నవ్వబోయాను. దగ్గొచ్చింది. వాడు గుడ్డ చూసేశాడు. నవ్వాపేశాడు.

30 నవంబరు

కుట్టనే పోయి చెప్పాడట. కెప్టెన్ డాక్టరుగారు గొట్టం పెట్టి విన్నారు. చాలాసేపు విన్నారు. ఇంట్లో ఎవరికైనా ఉందా అన్నారు. మా అమ్మ ఇలాగే పోయింది సార్ అన్నాను. ఆయన ఎక్సరేకి చీటీ రాశారు.

1 డిసెంబరు

ఎక్సరే. ఎడమ ఊపిరితిత్తి. క్షయ.

జపాను ఆసుపత్రికి పంపి, ఆనక ఓడలో ఇండియా పంపిస్తారట. ఇంటికి పోవాలి, ఇంటికి పోవాలి అని ఏడాదిగా ఈ పుస్తకం నిండా రాసుకున్నాను. ఇలాగా పంపించడం? దేవుడికి సరిగ్గా వినపడదేమో.

2 డిసెంబరు

ఉత్తరం రాశాను. నాలుగు వాక్యాలకి పూటంతా పట్టింది.

మామయ్యా, మా అమ్మకొచ్చిన జబ్బే నాకూ వచ్చింది. మాణిక్యాన్ని నాకోసం ఆపకు. కలిదిండి వాళ్ళు అడుగుతున్నారని రాయించావు గదా, వాళ్ళకిచ్చి చేసెయ్యి. నా మీద కోపం పెట్టుకోవద్దని దానికి చెప్పు.

అంతే. నాన్నని కొల్లేరు తీసుకుంది, అమ్మని దగ్గు తీసుకుంది. అక్కనీ నన్నూ అన్నం పెట్టి పెంచింది మామయ్య. తన చెల్లెలు ఎలా పోయిందో కళ్ళారా చూసినవాడు. ఆయన కూతురికి అదే చాకిరీ అంటగట్టనా? ఆమాత్రం నీతి ఉండొద్దూ.

కవరు అంటించి ఇచ్చేసి గోడవైపు తిరిగి పడుకున్నా. ఏడ్చాను. ఇందులో రాసుకోవడానికి సిగ్గేమిటి, ఏడ్చాను.

వేళ్ళకి పచ్చ ఇంకా పోలేదు.

20 జనవరి 1952. జపాను.

సూదులు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. కూర్చోడానికి లేదు.

ఇంటి నుంచి జవాబు లేదు. రాకపోతేనే మంచిది. వస్తే పెళ్ళి కబురే వస్తుంది.

11 ఫిబ్రవరి. ఓడ.

నీళ్ళు. ఇన్ని నీళ్ళల్లో ఒక్క తుంగ దుబ్బు లేదు, ఒక్క కొంగ లేదు. దీన్నీ నీళ్ళే అంటారు కాబోలు.

ఈపాటికి మాణిక్యం కలిదిండిలో ఉంటుంది. అత్తగారి వల ఎండేస్తూ ఉంటుంది.

9 మార్చి. మద్రాసు ఆసుపత్రి.

మామయ్య ఉత్తరం. మూడు ఊళ్ళు తిరిగి వచ్చింది. రాత మేష్టారిది. మామయ్య నోటితో చెబితే ఆయన రాస్తారు. నాలుగుసార్లు చదివాను. మళ్ళీ చదివాను. ఇక్కడ ఎక్కించుకుంటే గాని నమ్మబుద్ధి కావడం లేదు —

"చిరంజీవి ఏడుకొండలుని మామయ్య దీవించి రాయునది. నీ శుభలేఖ అందినది. నాలుగు మూలలా పసుపు చూసి మీ అమ్మమ్మ కళ్ళ నీళ్ళు పెట్టుకున్నది. కవరు విప్పుదామంటే ఒప్పుకోలేదు. పసుపు కవరు ఎలాబడితే అలా చింపకూడదట, లగ్నం పెట్టుకునే రోజున నువ్వే వచ్చి విప్పవలెనట. విషయం పసుపే చెప్పింది గదా, ఇంక చదివేదేముంది అన్నది. దేవుడి గూట్లో పెట్టించింది. కలిదిండి వారికి కుదరదని కబురు పంపేశాము. మాణిక్యం కులాసా. మేష్టారి ఇంటికి రోజూ చేపలు బాగుచేసి పెట్టడానికి వెళ్తున్నది. నువ్వు త్వరగా రావలెను."

అడుగున వేరే చెయ్యి. అక్షరాలు కుంటుతున్నాయి. "జాగర్త బావా." మేష్టారి బళ్ళో పిల్లలెవరి చేతో రాయించినట్టుంది మాణిక్యం.

ఏమిటిది? ఏం పసుపు?

10 మార్చి

నా వేళ్ళు! పచ్చమందు! ఆ వేళ్ళతోనే కవరు మూలలు పట్టుకుని అంటించాను.

నన్ను మర్చిపొమ్మని రాసిన ఉత్తరం మా ఇంట్లో దేవుడి గూట్లో ఉంది. దానికి పూటపూటా దీపం పెడుతున్నారు.

నవ్వొచ్చింది. పక్క మంచం అతను ఏమైందండీ అన్నాడు. ఏమీ లేదండీ, ఇంటి కబురు అన్నాను.

11 మార్చి

మాణిక్యానికి పెళ్ళి కాలేదు.

ఇది రాసుకుని చూసుకుంటున్నా. మాణిక్యానికి పెళ్ళి కాలేదు. సంతోషంగా ఉంది. ఛీ, నాకసలు బుద్ధుందా?

14 మార్చి

నిజం మళ్ళీ రాశాను. చింపేశాను.

15 మార్చి

రాశాను. పెద్ద డాక్టరుగారు వస్తున్నారని దిండు కింద పెట్టాను. ఆయన వెళ్ళాక తీసి చింపేశాను. డాక్టరుగారి మీద పెట్టేశానుగాని, రాకపోయినా చింపేవాణ్ణే.

2 ఏప్రిల్

బరువు రెండు పౌన్లు పెరిగాను. జ్వరం లేదు. ఈ సూదుల మందు కొత్తదట, మా అమ్మ రోజుల్లో లేదట. డాక్టరుగారు ఎక్సరే వెలుగుకి పట్టి చూపించారు. నాకు రెండూ మబ్బులాగే కనిపించాయి. తగ్గుతోంది, కానీ ఒళ్ళు జాగ్రత్త, రెండేళ్ళు పెళ్ళిమాట ఎత్తకు అన్నారు.

నేను ఎత్తలేదు సార్. పసుపు ఎత్తింది.

19 మే

మామయ్య ఉత్తరం. ఎండలకి కొల్లేరు ఎండి నడిచి పోతున్నారట. ఆషాఢం వెళ్ళాక శ్రావణంలో పెట్టుకుందామట. పంతులుగారితో అనుకున్నారట. ఆసుపత్రిలో ఉన్నానని తెలుసు గాని, నాది మంచుదేశంలో పట్టిన జ్వరం అనుకుంటున్నాడు. "మన గాలి తగిలితే అదే పోతుంది."

జవాబు ఒక్క ముక్క రాశాను. డిశ్చార్జి కాగానే వస్తాను. అబద్ధం ఒక్కటీ లేదు అందులో. నిజమూ లేదు.

30 జూన్

డిశ్చార్జి కాగితం ఇచ్చారు. సైన్యానికి నేనింక పనికిరాను. మందు పొట్లాలు మూడు నెలలకి. మూడు నెలలకోసారి వచ్చి ఎక్సరే తీయించుకోవాలి.

ఏ రైలుకి వస్తానో మామయ్యకి కార్డు రాశాను. ఏలూరు స్టేషనుకి వస్తాడు. ముఖం చూసి చెప్పేస్తాను. స్టేషన్లోనే చెప్పేస్తాను.

9 జులై. తాడేపల్లిగూడెం, అక్క ఇంట్లో.

ఏలూరులో దిగలేదు.

రైలు ఆగింది. పెట్టె చేత్తో పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాను. తివాచీల కట్టలు ఎక్కిస్తున్నారు, గోల. ఆ గోలలో మామయ్య కనిపించాడు. ఉతికిన పంచె, చంకలో గొడుగు. ఒక్కో పెట్టె కిటికీలోకీ తొంగి చూస్తూ వస్తున్నాడు. "ఏడుకొండలూ... ఒరే ఏడుకొండలూ..."

వెనక్కి జరిగాను. మరుగుదొడ్డి పక్కన నక్కాను. నేను! బాంబులు పడుతుంటే స్ట్రెచరు మోసినవాణ్ణి! రైలు కదిలింది. గూడెంలో దిగాను.

అక్క గుమ్మంలో చూసి చేట కింద పెట్టేసింది. "ఓరి నాయనో, ఎముకలు మిగుల్చుకొచ్చావురా" అని పట్టుకుని ఏడ్చింది. దగ్గొచ్చింది. పక్కకి తిరిగి గుడ్డ అడ్డం పెట్టుకున్నాను. అక్క ఏడుపు ఆగిపోయింది. అమ్మ దగ్గు దానికి గుర్తే.

మధ్యాహ్నం నా గ్లాసు వేరేగా పెట్టింది.  తాగి నేనే కడిగి బోర్లించాను.

10 జులై

పొద్దున విమానాలు దిగే రోడ్డు దాకా నడిచాను. పాత యుద్ధంలో అక్కా నేనూ దీనికి కంకర మోశాం. తెల్ల సోల్జర్ల బూట్లు చూసి, అలాంటివి తొడుక్కోవాలని అప్పుడే అనుకున్నాను. తొడుక్కున్నాను. ఇప్పుడు దాని మీద గడ్డి మొలిచింది, గేదెలు మేస్తున్నాయి.

నాలుగుచోట్ల కూర్చుంటే గాని ఇల్లు చేరలేదు.

11 జులై

అక్కకి మొత్తం చెప్పాను. పచ్చమందు, కవరు, దేవుడి గూడు. పచ్చమందు దగ్గర నవ్వింది, నోరు నొక్కుకుంది. ఆనక అంది — "అమ్మకి మనం ఎలా చేశామో నీకు తెలీదురా, చిన్నాడివి. నాకు తెలుసు. ఆ పిల్ల ఎరక్కుండా అందులోకి దిగకూడదు. పోయి చెప్పు."

మళ్ళీ ఉత్తరం రాస్తాలే అన్నాను.

"రాసినదానికి ఏ గతి పట్టిందో చూశావుగా. నోటితో చెప్పు."

14 జులై. లంక.

ఇల్లు.

గూడెం నుంచి బస్సులో ఆకివీడు. అక్కణ్ణుంచి దోనె. కొల్లేరు కొత్త నీళ్ళతో ఎర్రగా ఉబ్బుతోంది. ఆ బురద వాసన... ముక్కునిండా పీల్చాను. దగ్గు రాలేదు. గూడబాతులు నీళ్ళ మీద బద్ధకంగా తేలుతున్నాయి, నన్ను చూసి జరగను కూడా లేదు. ఏడాదిన్నర కలగన్నాను దీన్ని. కళ్ళు మూసుకుపోయేంత నీరసం, అయినా మూయలేదు.

మామయ్య రేవులో ఉన్నాడు. తిట్టలేదు. "కళ్ళు తిరిగి నిద్రపట్టేసి ఉంటుంది, గూడెం పోయుంటావనుకున్నాలే. అయినా మర్నాటి రైలుకీ చూశాను. రెండు రోజులు టేషన్లోనే పడుకున్నా." నా చేతిలో పెట్టె లాక్కున్నాడు. "ఏం అల్లుడూ, ఇంత తేలికైపోయావేంటి?"

చెప్పలేకపోయాను. రెండు రోజులు స్టేషన్లో పడుకున్నవాడికి ఏమని చెప్పను?

మాణిక్యం గుమ్మం పక్కన. పొడుగైంది. "వచ్చావా బావా" అంది. అంతే. లోపలికి పోయింది. గిన్నెలు ఒకటే చప్పుడు.

15 జులై

అమ్మమ్మ దేవుడి గూడు దగ్గరకి తీసుకెళ్ళింది. "తాకి దణ్ణం పెట్టుకో. విప్పకూడదు సుమా."

కవరు చేతిలోకి తీసుకున్నాను. నా దస్తూరీయే. మూలల్లో పసుపు — మందంగా, ఎండి పెచ్చులు కట్టి. గోరు తగిలితే పొడి రాలింది. వాసన చూశాను. కొమ్ము పసుపు. రోట్లో దంచిన పసుపు.

మందుకి ఆ వాసన లేదు. మందు రాలదు. నా వేలి గుర్తు ఒకటే ఉంది కవరు వెనక, వెలిసిపోయి, వెతికితే గాని కనపడనంత.

అంటించినచోట అంచున ఎండిన మెతుకు. నేను జిగురుతో అంటించాను. ఇది అన్నం మెతుకు. ఎవరో విప్పారు. విప్పి, చదివి, మళ్ళీ అంటించారు. అంటించి పసుపు రాశారు.

అమ్మమ్మ — "ఏంట్రా అలా చూస్తావు, చాలా మంగళకరంగా ఉంది కదూ."

ఉంది అమ్మమ్మా.

16 జులై

నిద్ర లేదు. ఎవరు? మామయ్యకి చదువు రాదు. అమ్మమ్మకి రాదు. మాణిక్యానికీ రాదు. మేష్టారు అలాంటి పని చెయ్యరు.

తర్వాత మద్రాసుకొచ్చిన ఆ ఉత్తరం పెట్టె అడుగు నుంచి తీశాను. "జాగర్త బావా." కుంటుతున్న అక్షరాలు. రోజూ మేష్టారింటికి చేపలు బాగుచెయ్యడానికి...

17 జులై

పొద్దున మాణిక్యం మావులు ఎత్తడానికి దోనె వేసింది. ఆ వెదురు బుట్టల్లో పడ్డ చేపలు ఎండెక్కకముందే తీసుకోవాలి. నేనూ ఎక్కాను. అటు చివర కూర్చున్నాను.

"అంత దూరం ఎందుకు?" అంది.

"తెలిసే అడుగుతున్నావా?"

గెడ వెయ్యడం ఆపింది. దోనె తనంతట తను కొంచెం జరిగి నిలిచింది. "నాకు చదవడం రాదనుకున్నావు గదా" అంది.

మేష్టారి భార్య నేర్పిందట. చేపలు బాగుచేసినందుకు రోజుకి నాలుగక్షరాలు. నా ఉత్తరాలు ఊరందరి ముందూ ఇంకొకరి నోటి నుంచి వినలేక. తపాలా దోనె వచ్చినరోజు రేవులో కవరు తనే అందుకుంది. తడికల చాటుకి పోయి విప్పింది. తను సొంతంగా చదివిన మొదటి ఉత్తరం అదేనట.

అదీ నేను రాసింది. మొదటి ఉత్తరం.

"నాన్న వింటే కలిదిండి వాళ్ళకి ఆ పూటే మాటిచ్చేసేవాడు. ఏం చెయ్యను? పసుపు రాశాను. పసుపు రాస్తే ముసలమ్మ విప్పనివ్వదని తెలుసు. నువ్వు వచ్చేదాకా ఆగితే చాలనుకున్నా."

"అది అంటుకునే జబ్బే. మా అమ్మ ఎలా పోయిందో మర్చిపోయావా?"

"చిన్నప్పుడు అత్త మంచం కింద ఆడుకున్నాను. నాకు అంటుకుందా? నీకు అంటుకుంది. ఎవరికి రాసిపెట్టి ఉంటే వాళ్ళకి." కోపంగా గెడ అందుకుంది. "పోనీ నీకు తగ్గలేదనుకో. నాకు అదే నయం. కలిదిండిలో కూర్చుని నీ చావుకబురు వినడం కన్నా."

  మావు ఎత్తింది. రెండు కొర్రమీన్లు, నాలుగు జెల్లలు. "రాత్రికి పులుసు. చింతపండు తక్కువేస్తాలే" అంది.

ఎక్కువే వెయ్యి అన్నాను.

19 జులై

అక్కేమో ఎరక్కుండా దిగకూడదంది. ఎరిగే దిగుతోందక్కా. ఇప్పుడేమంటావ్?

కానీ మామయ్య ఎరగడు.

22 జులై

మామయ్య దూలం కింద కొత్త తడిక కడుతున్నాడు. మా ఇద్దరికీ గది. కడుతూ కూనిరాగం. నేను తాడు అందిస్తున్నాను. పదిసార్లు నోరు తెరిచాను. "ఏంట్రా?" అంటాడు. ఏమీ లేదు మామయ్యా, తాడు.

మాణిక్యం సాయంత్రం గాబు దగ్గర అంది — "పెళ్ళయ్యాక చెబుదాం బావా. అప్పుడు తిట్టినా తన అల్లుణ్ణే తిడతాడు."

నా చెల్లెలికి పట్టిన గతి నా కూతురికి పట్టించావురా అంటే? ఆ మాట మామయ్య నోట వినలేను. యుద్ధం నయం.

25 జులై

ఆషాఢం వెళ్ళిపోయింది. ఎల్లుండి పంతులుగారు వస్తున్నారు. లగ్నపత్రిక. ముందు కవరు విప్పాలట. అందరి ముందూ చదవాలట.

నా ఉత్తరం. నేను. అందరి ముందూ.

26 జులై

మాణిక్యం — "కళ్ళతో అది చూడు, నోటితో ఇంకోటి చదువు. మేష్టారి చేతికివ్వకు."

"నోటికేం రావాలి?"

"నీకేం కావాలో అదే రానియ్."

నాకేం కావాలో అదేగా భయం.

27 జులై

పొద్దున దగ్గితే గుడ్డ మీద ఏమీ లేదు. ఇవాళ్టికి లేదు.

పంతులుగారి దోనె రేవులో ఆగింది. చాప పరిచారు. మేష్టారు కళ్ళజోడు తుడుచుకుంటున్నారు — "నన్ను చదవమంటారా అండీ?" మామయ్య వద్దన్నాడు — "ఎందుకండీ, రాసినవాడే ఉంటే. ఏడుకొండలూ! రారా, నువ్వే విప్పి చదువు."

వస్తున్నా మామయ్యా అన్నాను. ఈ రెండు ముక్కలూ రాసుకుని లేస్తాను.

అమ్మమ్మ కవరు పళ్ళెంలో పెట్టి పట్టుకొచ్చింది. మామయ్య కొత్త పంచె కట్టుకుని చాప మీద కూర్చున్నాడు, నా ముఖం వంకే చూస్తున్నాడు. మాణిక్యం గుమ్మంలో నిలబడింది. పొద్దుటి నుంచి గడపలకి పసుపు రాస్తోంది — రెండు అరచేతులూ పచ్చగా ఉన్నాయి.

మామయ్య మళ్ళీ పిలుస్తున్నాడు.